సింగపూర్, మలేషియా, బ్యాంకాక్, బాలి... అన్నీ ఒకే ట్రిప్పులో పెట్టుకోవచ్చా? (ఇద్దరు టీనేజ్ పిల్లలతో)

పెన్నాతీరం, నెల్లూరు:

అందరికీ నమస్తే. మే నెలలో మేం నలుగురం బయటి దేశం పోదామని అనుకుంటున్నాం. పాప ఈసారి పదో తరగతి పరీక్షలు రాస్తుంది, పదహారు నడుస్తోంది. బాబుకి పదమూడు నిండాయి. పిలకాయలు ఇద్దరికీ ఒక్క విషయంలో కూడా పొత్తు కుదరదు. పాప సింగపూర్‌లో యూనివర్సల్ స్టూడియోస్ చూపిస్తే చాలంటుంది, వీడు ఏవో వీడియోలు చూసి బాలి బాలి అని ప్రాణం తీస్తున్నాడు, మా ఆయనేమో ఎటూ ఫ్లైట్‌కి అంత పోస్తున్నాం కదా, ఎన్ని దేశాలైతే అన్ని చుట్టేసి వద్దాం అంటాడు. ట్రంకు రోడ్డులో ఒక ట్రావెల్స్ అతన్ని అడిగితే సింగపూర్ 3 రాత్రులు, కౌలాలంపూర్ 2, గెంటింగ్ 1, లంకావి 2, బ్యాంకాక్ 2, బాలి 2 అని రాసి చేతిలో పెట్టాడు. కాగితం మీద చూస్తే బానే ఉంది, కానీ నాకు ఎక్కడో తేడా కొడుతోంది.

జూన్‌లో బాబుకి స్కూలు తెరుస్తారు, పాపని చేర్చబోయే కాలేజీ వాళ్ళు రిజల్ట్స్ కూడా రాకముందే బ్రిడ్జి కోర్సుకి పంపమని ఫోన్ల మీద ఫోన్లు. అందుకని మేలోనే ముగించాలి. పాస్‌పోర్టుల టెన్షన్ లేదు, నలుగురికీ ఉన్నాయి, పాపది కూడా ఈ అక్టోబర్ దాకా ఉంది. చెన్నై నుంచి ఎక్కుతాం. పిల్లల్ని తీసుకుని ఇలా రెండు మూడు చోట్లు తిరిగొచ్చిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ఒంగోలుగిత్త:

మేడం, ప్లాన్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ అక్టోబర్ సంగతి చూడండి. మీరు పోయే దేశంలో దిగే రోజుకి పాస్‌పోర్ట్‌లో కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి. మే నుంచి అక్టోబర్‌కి ఆరు నెలలు రావు. పాపని చెన్నైలో చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, మిగతా ముగ్గురూ పక్కన నిలబడి చూడాల్సిందే. ఈ వారమే రీఇష్యూకి వేయండి. చిన్నపిల్లలకి ఐదేళ్ళకే ఇస్తారు కానీ పదిహేను దాటిన వాళ్ళకి పదేళ్ళ పాస్‌పోర్ట్ కూడా అడగొచ్చు, ఫారంలో ఆ గడి చూసి టిక్ పెట్టండి. పద్దెనిమిది నిండలేదు కాబట్టి అమ్మానాన్నల సమ్మతి పత్రం, అనెగ్జర్ డి అంటారు, అది కూడా కావాలి. పరీక్షలు దగ్గరకొచ్చాక అపాయింట్‌మెంట్ కోసం పాపని తిప్పడం కష్టం, అదీ గుర్తుపెట్టుకోండి.

ఇక ప్లాన్. మీకు తేడా కొట్టడం కరెక్టే. ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే లెక్క వేసుకోండి. పదకొండింటికి రూము ఖాళీ చేయమంటారు, ఎయిర్‌పోర్ట్‌కి రెండు మూడు గంటల ముందు పోవాలి, ఫ్లైట్ గంటే అయినా దిగి, ఇమిగ్రేషన్ లైన్లో నిలబడి, బ్యాగులు తీసుకుని, కొత్త హోటల్ చేరేసరికి సాయంత్రం. మీ ట్రావెల్స్ అతను రాసిన దాంట్లో ఇలాంటి మార్పులు ఐదున్నాయి. పైగా నాలుగు దేశాలు, నాలుగు రకాల కాగితాలు. రెండు దేశాలు పెట్టుకోండి: సింగపూర్‌లో దిగి కౌలాలంపూర్ నుంచి చెన్నైకి తిరిగొచ్చేలా టికెట్ తీయండి. బుకింగ్ సైట్లలో మల్టీ సిటీ అని ఉంటుంది, అది నొక్కితే పోయే ఊరు వేరు, వచ్చే ఊరు వేరు పెట్టుకోవచ్చు. మళ్ళీ సింగపూర్‌కి వెనక్కి రావడం తప్పుతుంది.

ట్రావెల్స్ ద్వారా ప్యాకేజీ కొంటే బిల్లులో టీసీఎస్ అని ఒకటి, అంటే అమ్మేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను, వేస్తారు. దాన్ని చూసి కంగారు పడొద్దు, అది పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. ఇంట్లో పన్ను కట్టే వాళ్ళ పాన్ ఇవ్వండి, అంతే. టికెట్లు, హోటళ్ళు మీరే విడివిడిగా తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

కావలి_టు_సింగపూర్:

అక్కా, మాది కావలి, సింగపూర్‌లో ఉద్యోగం. ఒంగోలు అన్న చెప్పిన ప్లానే నాదీ. నా వైపు నుంచి కొన్ని.

మే మూడో వారం లోపల సింగపూర్ ముగించేయండి. మే చివర్లో ఇక్కడి స్కూళ్ళకి సెలవులు మొదలవుతాయి, జూన్ చివరి దాకా ఉంటాయి. అప్పుడు యూనివర్సల్‌లో ఒక్కో రైడ్ దగ్గర నిలబడి నిలబడి పిల్లలకి విసుగొచ్చేస్తుంది. శని, ఆదివారాలు కూడా వద్దు, మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. ఇంకోటి, మీ పిల్లలిద్దరూ లెక్కలో పెద్దవాళ్ళే. ఫ్లైట్లో పన్నెండు నిండితే పూర్తి టికెట్, యూనివర్సల్‌లో పిల్లల టికెట్ 4 నుంచి 12 ఏళ్ళ వరకే. హోటల్లో కూడా "ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు" అని కొడితే తక్కువ రేటు చూపించి తీరా వచ్చాక ఒక రూములో నలుగురు కుదరదంటారు, ఇక్కడ రూములు చాలా చిన్నవి. వయసులు సరిగ్గా వేసి వెతకండి. పక్కపక్క రెండు రూములు, లేదంటే నలుగురికని స్పష్టంగా రాసిన ఫ్యామిలీ రూము.

ఎంఆర్‌టీ రైళ్ళలో మన క్రెడిట్ కార్డే గేటు దగ్గర ట్యాప్ చేసి లోపలికి పోవచ్చు, కానీ ఒక కార్డు మీద ఒక్కరే. అన్నయ్య కార్డు ట్యాప్ చేసి వెనకాల అందరినీ పంపడం కుదరదు. పిల్లలకి స్టేషన్లో ఈజీ లింక్ కార్డు చెరొకటి కొనివ్వండి, వాళ్ళకి అదో సరదా.

చెన్నై నుంచి రాత్రి ఫ్లైట్ ఎక్కితే పొద్దున్నే దిగుతారు. టైము మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి మీ ఒంటికి అది తెల్లవారుజాము. రూము మాత్రం మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. ఆ రోజు పెద్దగా ఏమీ పెట్టుకోవద్దు. ఎయిర్‌పోర్ట్ పక్కనే జ్యువెల్ అనే మాల్‌లో 40 మీటర్ల జలపాతం ఉంది, అది చూసి, బ్యాగులు హోటల్లో పడేసి, లిటిల్ ఇండియాలో తినేసి, సాయంత్రం గార్డెన్స్ బై ది బే చెట్ల లైట్ షో చూడండి. 7.45కి ఒకటి, 8.45కి ఒకటి ఉంటాయి, టికెట్ లేదు.

అసలు ముఖ్యమైనది మర్చిపోతున్నా. గసగసాలు తేవద్దు! ఇక్కడ అవి మత్తుపదార్థాల లెక్కలో నిషేధం. విడిగానే కాదు, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కూడా ఉండకూడదు. మన ఊర్లో కూరల పొడి అంటే గసగసాలు పడకుండా ఉండదు కదా. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కూడా వద్దు. ఎండు కొబ్బరి మన దగ్గరే లగేజీలో తీయించేస్తారు. ఆవకాయ, కందిపొడి, చెక్కలు హాయిగా తెచ్చుకోండి, చెకిన్ బ్యాగులో వేయండి, చేతి బ్యాగులో పచ్చడి పెడితే సెక్యూరిటీలో పోతుంది.

గూడూరు_నిమ్మకాయ:

ఆంటీ, నేను బీటెక్ సెకండియర్, మీ పిల్లల తరఫున వాదిస్తున్నా, ఫీజు వద్దు. నేను టెన్త్ అయిపోయాక మా వాళ్ళతో ఇలాగే మలేషియా పోయాను. రోజూ ఆరింటికి లేపి, ఏడింటికి బస్సు, బస్సులో మైకు పట్టుకుని గైడు, దిగి ఫోటో, ఎక్కి నిద్ర, ఆఫీసుల చుట్టూ సంతకాలకి తిరిగినట్టు తిప్పారు. నాకు బాగా గుర్తున్నది ఒక్కటే, బటు కేవ్స్ (కొండగుహల్లో సుబ్రహ్మణ్యస్వామి గుడి) పక్కన కొట్టులో మా చెల్లి, నేను లేత కొబ్బరిబోండాలు తాగుతూ మెట్ల మీద కోతులు ఒకాయన చేతిలో పూలసంచి లాక్కుపోవడం చూస్తూ గంట కూర్చున్నాం. ఆ గంట ఎందుకు దొరికిందంటే అమ్మావాళ్ళు 272 మెట్లెక్కి పైకి పోయారు కాబట్టి.

అందుకని మూడు విషయాలు. పొద్దున తొమ్మిది దాకా పడుకోనివ్వండి. ఇద్దరికీ ఫోన్లో డేటా వేయించండి, ఇది బేరాల్లేని విషయం. ఇంకా, ఒక్కో ఊర్లో ఒక రోజు వాళ్ళ చేతికి వదిలేయండి, ఎక్కడికి పోవాలి, ఏ రైలెక్కాలి, ఎక్కడ తినాలి అన్నీ వాళ్ళే చూసుకోవాలి, మీరు వెనకాల గమ్ముగా నడవాలి. బాలి కావాలన్న వాడికి బాలి తీసేశాం అని చెప్పేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. కౌలాలంపూర్ దగ్గర కొండ మీద గెంటింగ్ ఉంది కదా, అది పెట్టండి. కేబుల్ కార్‌లో పైకి పోవడం ఒకటి, పైన స్కైవరల్డ్స్ అని పెద్ద థీమ్ పార్క్ ఒకటి. 2022లో తెరిచారు. పైన చలిగా ఉంటుంది, మన మే నెల నుంచి పోయిన వాళ్ళకి అదే సగం సంబరం.

కందుకూరు_మాస్టారు:

ఇంత ఖర్చు పెట్టేవాళ్ళు ఇంకొంచెం వేసుకుని యూరప్ పోతే పిల్లలకి చరిత్ర, భూగోళం కలిసొస్తాయి కదా. ఒక్క షెంగెన్ వీసాతో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ మూడూ అవుతాయి. సింగపూర్‌లో ఏముంది, మాల్స్ తప్ప.

ఒంగోలుగిత్త:

మాస్టారూ, ఆలోచన మంచిదే, ఈ ఏడాదికి మాత్రం కాదు. షెంగెన్ ఫీజు పన్నెండేళ్ళు నిండిన ఎవరికైనా 90 యూరోలు, అంటే వాళ్ళింట్లో నాలుగు పూర్తి ఫీజులు, పైన వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ వాళ్ళ చార్జీలు, 30,000 యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు. నలుగురూ వేలిముద్రలకి చెన్నైయో హైదరాబాదో పోవాలి. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికే అప్లై చేయాలి, వేసవికి ఆ స్లాట్లు ముందే నిండిపోతాయి. పాప పాస్‌పోర్టే ఇంకా చేతిలో లేదు. ఆరు నెలల ముందు నుంచే వేసుకోవచ్చు కాబట్టి వచ్చే ఏడాదికి అనుకుంటే ఇప్పటి నుంచే డబ్బు పక్కన పెట్టుకోవచ్చు.

కందుకూరు_మాస్టారు:

ఆ ఫీజుల లెక్క వింటుంటే మాల్సే నయం అనిపిస్తోంది.

పెన్నాతీరం, నెల్లూరు:

అందరికీ చాలా థాంక్స్. పాస్‌పోర్ట్ మాట చదివి గుండె ఆగినంత పనైంది, రాత్రే ఫారం నింపి స్లాట్ తీశాం. బ్యాంకాక్, బాలి, లంకావి కొట్టేశాం. మా ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు, "రెండు దేశాలకి ఇంత హడావుడా" అని. బాబుకి గెంటింగ్ వీడియో చూపించాం, ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు కానీ రోలర్‌కోస్టర్లు లెక్కపెట్టడం చూశాను. సింగపూర్ ప్లాన్ పాప రాస్తుందట, కౌలాలంపూర్ వీడు రాయాలి. మా అత్తమ్మ కొట్టిచ్చిన మసాలా పొడి ఇంట్లోనే ఉంటుంది, ఆమెకి కారణం ఎలా చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నా.

ఇంకో రెండు డౌట్లు. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి బస్సా, ఫ్లైటా? వీసాలు ఎప్పుడు వేయాలి?

కావలి_టు_సింగపూర్:

బస్సే అక్కా, కానీ శుక్రవారం సాయంత్రం, శనివారం పొద్దున, పబ్లిక్ హాలిడే ముందు రోజు మాత్రం వద్దు. ఉడ్‌లాండ్స్ దగ్గర రెండు దేశాల్నీ కలుపుతూ సముద్రం మీద వేసిన రోడ్డు, కాజ్‌వే అంటారు, ఒక కిలోమీటరే ఉంటుంది, ఆ కిలోమీటరుకే గంటలు గంటలు పడుతుంది. సోమవారం నుంచి గురువారం లోపల, పొద్దున ఉద్యోగస్తుల రద్దీ తగ్గాక ఎక్కితే ఐదారు గంటల్లో పోతారు. రెండు చోట్ల దిగాలి: సింగపూర్ వైపు పాస్‌పోర్ట్ తనిఖీ, మలేషియా వైపు సామానంతా దించి స్కానింగ్. బ్యాగులు ఎవరివి వాళ్ళు లాక్కోగలిగినంతే సర్దుకోండి, మీ బస్సు నంబరు ఫోటో తీసి పెట్టుకోండి, అక్కడ అన్నీ ఒకేలా ఉంటాయి. మధ్యలో మలక్కాలో ఒక రాత్రి ఆగితే పాత డచ్చి కట్టడాలు, నది ఒడ్డు బాగుంటాయి, మాస్టారు గారి చరిత్ర కోటా కూడా అయిపోతుంది. కానీ జోంకర్ స్ట్రీట్ రాత్రి సంత శుక్ర, శని, ఆదివారాల్లోనే, బస్సు రద్దీ చెప్పాను కదా, మీ తేదీలకి రెండూ కుదిరితేనే.

సింగపూర్ వీసా అధికారిక ఏజెంట్ల ద్వారానే వేయాలి, ప్రభుత్వ ఫీజు 30 సింగపూర్ డాలర్లు, పైన ఏజెంట్ తీసుకునేది వేరు, ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూడండి. మలేషియాకి 2026 డిసెంబర్ 31 దాకా మనకి వీసా అక్కర్లేదు, 30 రోజుల వరకు ఉండొచ్చు. కానీ రెండు దేశాలకీ దిగే ముందు మూడు రోజుల్లో ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి, పిల్లలకి కూడా విడివిడిగా. రెండూ ఫ్రీ. గూగుల్‌లో పైన కనిపించే కొన్ని సైట్లు అచ్చం సర్కారు వాటిలాగే ఉండి డబ్బులడుగుతాయి, కార్డు నంబరు అడిగిన వెంటనే బయటికి వచ్చేయండి.

గూడూరు_నిమ్మకాయ:

ఆంటీ, మీ వాడికి చెప్పండి, కౌలాలంపూర్ ప్లాన్‌లో ట్విన్ టవర్స్ సోమవారం పెట్టొద్దని. పైకెక్కనివ్వరు, ఆ రోజు సెలవు.