కుక్కల్ని రోజంతా గొలుసుతో కట్టేయడం మాన్పించాలంటే ఎక్కడ మొదలెట్టాలి? (పలాస)

కాశీబుగ్గ_కుర్రోడు:
మా పలాస చుట్టుపక్కల జీడితోటల్లో చూడండి, చాలా చోట్ల కాపలాకి ఒక కుక్క, మెడకి ఇనప గొలుసు, గట్టిగా రెండు మూరలు కూడా ఉండదు, మే నెల ఎండలో కూడా అలాగే పడుంటాది, తిండీ దొడ్డీ అన్నీ ఆ జాగాలోనే. ఫ్రెండ్స్ కొంతమందిమి ఊళ్లో ప్రచారం చేద్దాం అనుకుంటున్నాం. పాంప్లెట్లు కొట్టించాలా, పోలీసు కంప్లయింట్ పెట్టాలా? అసలు దీనికి చట్టం ఏటైనా ఉందా?

విజినారం_లాయర్‌బాబు:
ఉంది బ్రో. 1960 జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11. మరీ పొట్టి గొలుసుతోగానీ మరీ బరువు గొలుసుతోగానీ ఎక్కువసేపు కట్టేస్తే నేరమే, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని ఓనరు తిప్పకుండా వదిలేసినా నేరమే, అది విడిగా రాసుంది. కానీ జరిమానా చూస్తే నవ్వొస్తాది, మొదటిసారికి 10 నుంచి 50 రూపాయలు. కాంప్లెక్స్ దగ్గర టీ సమోసాలకే అయిపోతాయి ఇప్పుడు. పైగా ఎన్ని అడుగులు, ఎన్ని గంటలు అని లెక్క లేదు, స్టేషన్లో వాదించుకుంటూ కూర్చోవాలి. కంప్లయింట్ పెడితే కుక్క సంగతి పక్కకెళ్ళి ఊళ్లో పగలు మిగుల్తాయి.

జీడితోట:
బాబూ మీరు టౌన్లో కూర్చుని ఎన్నైనా చెప్తారు. వదిలేస్తే పక్కోడి కోళ్ళు పట్టేస్తాది, తగువు నా మీదకొస్తాది. పిక్కల సీజన్లో దొంగలు. ఉద్దానంలో ఎలుగులు సరేసరి, 2022లో వజ్రపుకొత్తూరు వైపు జనాల మీద పడింది మర్చిపోయారేటి? కుక్క అరవకపోతే మాకు తెలిసేదెలగ?

గరివిడి_వెటర్నరీ:
జీడితోట గారూ, మీ భయం నిజమే, కాదనట్లేదు. కానీ అదే ఎలుగు వస్తే కట్టేసిన కుక్క ఎటు పోతాది చెప్పండి? తుఫానుకి నీళ్ళొచ్చినా అంతే, తిత్లీ లాంటిది మళ్ళీ వస్తే ఆవుల పలుపులు విప్పుతారు, కుక్క ఎవరికీ గుర్తుండదు.

మెడ ఒరుసుకుని పుండు పడి పురుగులు పట్టడం మామూలే ఇలాంటి కుక్కలకి. ఇంకోటి, కట్టేసిన కుక్క భయపడితే పారిపోలేదు కదా, అందుకే దగ్గరకెళ్ళిన పిల్లల్ని కరిచేస్తాది.

కంచె కట్టగలిగితే అదే బెస్ట్. ఖర్చు అనుకుంటే రెండు చెట్ల మధ్య గట్టి వైరు లాగి, దానికి రింగు వేసి, రింగుకి తాడు కట్టండి, కుక్క ఆ పొడుగంతా తిరుగుతాది. చెట్టుకి కాస్త ఇవతలే రింగు ఆగిపోయేలా ముడి పెట్టాలి, లేదంటే తాడు చెట్టుకి చుట్టుకుంటాది. గొలుసు తీసేసి వెడల్పు బెల్టు వేయండి, నీడా నీళ్ళూ అందాలి. అప్పుడు కూడా రోజూ కాసేపు విప్పి దగ్గరుండి తిప్పాల్సిందే. మగకుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఊరు తిరగడం చాలావరకు తగ్గుతాది.

కుర్రోళ్ళకి ఒక మాట, జులై 6 జూనోసిస్ డేకి (జంతువుల నుంచి మనుషులకి అంటే జబ్బుల మీద అవగాహన రోజు) పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఫ్రీగా వేస్తారు. కుక్కలున్న ఓనర్లే వస్తారు అక్కడికి. మీ ప్రచారం అక్కడ పెట్టుకోండి, సెంటర్లో పాంప్లెట్లు పంచితే పకోడీ కట్టుకుంటారు.

కాశీబుగ్గ_కుర్రోడు:
ఇది బాగుంది అన్నియ్యా. ముందు ఒక తోటలో వైరు వేసి చూపిస్తాం అయితే. జీడితోట గారూ, మీ తోటలోనే వేద్దామా? వైరు ఖర్చు మాది.

జీడితోట:
ఆదివారం రండి. పక్కోడి కోడి పోయిందంటే మాత్రం ఆ డబ్బులూ మీవే.