థాండివే న్యూటన్ గురించి స్టేజీ మీద మాట్లాడాలి, సాయం చేయండి

మా చెల్లి విజయవాడలో డిగ్రీ చదువుతోంది, వచ్చే వారం కాలేజీలో నటి థాండివే న్యూటన్ గురించి మాట్లాడాలి. తల్లిది జింబాబ్వే, తండ్రిది ఇంగ్లండ్, 2018లో 'వెస్ట్‌వరల్డ్' టీవీ సిరీస్‌కి ఎమ్మీ అవార్డు వచ్చింది, మొదటి సినిమా టైటిల్స్‌లో తన పేరులోంచి ఎగిరిపోయిన 'w' అక్షరాన్ని 2021లో మళ్లీ పేరులో చేర్చుకుంది, ఇవన్నీ గడగడా చెప్పేస్తోంది. కానీ 2011లో టెడ్ (TED) అనే ప్రసంగాల వేదిక మీద న్యూటన్, 'నేను' అనేది మనం కట్టుకున్నదేననీ, డాన్స్ చేస్తున్నప్పుడూ నటిస్తున్నప్పుడూ అది పక్కకి తప్పుకునేదనీ చెప్పిన భాగం దగ్గరికి రాగానే గొంతు సన్నబడి, చున్నీ అంచు మెలితిప్పుతూ నేలచూపులు చూస్తోంది. చిన్నప్పటి నుంచీ రంగు గురించి మాటలు పడింది, అందుకే పట్టుబట్టి ఈ టాపిక్ తీసుకుంది, నాకు చాలా గర్వంగా ఉంది. ఆ భాగాన్ని మామూలు తెలుగులో ఎలా చెప్పాలి? బెజవాడ, గుంటూరుల్లో నాటకాలు వేసేవాళ్లు ఎవరైనా ఉంటే, స్టేజీ ఎక్కగానే వచ్చే టెన్షన్‌కి మీరేం చేస్తారో కాస్త చెప్పండి.