గ్రాండ్ జ్యూరీలో ప్రాసిక్యూటర్‌ను ఎదురు ప్రశ్నించవచ్చా?

అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. మా ఆయనకు గ్రాండ్ జ్యూరీలో జ్యూరర్‌గా రమ్మని కౌంటీ నుంచి సమన్లు వచ్చాయి. ఈ జ్యూరీ దోషా కాదా అని తేల్చదు, కేసు నడపడానికి తగిన ఆధారం ఉందా అనేదే చూస్తుంది. 12 మందిలో 9 మంది సరేనంటే నేరారోపణ నమోదైపోతుంది.

టెన్షనంతా అక్కడే. లోపల జడ్జి కూర్చోరు, నిందితుడి లాయర్‌ను రానివ్వరు. ఏ సాక్షిని పిలవాలో, ఏ ఆధారం ముందు పెట్టాలో చాలావరకు ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయర్) చేతిలోనే ఉంటుంది. నిందితుడికి అనుకూలమైన ఆధారాలు చూపించి తీరాలన్న బాధ్యత ప్రాసిక్యూటర్‌కు లేదని ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కేసుల విషయంలో 1992లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఒకవైపే విని ఒక మనిషిని కేసులోకి లాగడం నాకు అన్యాయంగానే అనిపిస్తోంది.

జ్యూరర్లు సాక్షులను ప్రశ్నించవచ్చని చదివాను. నిజంగా అడుగుతారా, లేక అందరూ తలూపేస్తారా? ఫలానా సాక్షిని కూడా పిలవండి అంటే ప్రాసిక్యూటర్లు వింటారా? ఆయన కాస్త మొహమాటస్తుడు, అందుకే అడుగుతున్నా. గ్రాండ్ జ్యూరీలో పనిచేసినవాళ్ళు, లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. కేసుల వివరాలు రహస్యమని తెలుసు, అవి వద్దు. పద్ధతి తెలిస్తే చాలు.