అప్‌డేట్: నాన్నగారి షుగర్ హెచ్చుతగ్గులకు కారణం దొరికింది

ఇన్సులిన్ వేళకే వేస్తున్నా, తిండి మారకపోయినా నాన్నగారి షుగర్ ఒకరోజు 70, మర్నాడు 300 ఎందుకు చూపిస్తోందని పోయిన నెల అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "సూది వేసే చోటు చూపించండి" అన్నవారి మాటే నిజమైంది.

గాజువాకలో డాక్టరుగారు పొట్ట నొక్కి చూశారు. బొడ్డు పక్కన చర్మం కింద గట్టి గడ్డలు! పేరు లైపోహైపర్‌ట్రోఫీ. ఏళ్ల తరబడి ఒకేచోట పొడిస్తే కొవ్వు పేరుకుని, ఇన్సులిన్ ఒంటికి ఒకలా ఎక్కదట. అక్కడ నొప్పి తెలియదని ఆయనకు అదే చోటు ఇష్టం మరి.

ఇప్పుడు చోటు మారుస్తున్నాం, సూదీ ప్రతిసారీ కొత్తదే. మంచి చోట మందు బాగా ఎక్కుతుందని డోసు డాక్టరే తగ్గించారు. మీరు సొంతంగా మార్చకండి. మూడు వారాలుగా 110–180 మధ్యే ఉంటోంది.

వైజాగ్ ఉక్కపోతకు ఇన్సులిన్ పాడైందనుకుని కొత్తది కొనడం, మీటర్ మార్చడం దండగే అయ్యాయి.