వరద బాధను ఉన్నదున్నట్టు వేయాలా, మాయ కలపొచ్చా?

లంకవాసి:
మాది కోనసీమలో ఓ లంక ఊరు. మా మేనకోడలు వాళ్లమ్మ బొమ్మ వేసింది. వంటింట్లో నిలబడ్డ అక్క, వెనక గోడ మీద 1986 ఆగస్టు వరద నీటి గీత. గీతకి పైన ఇప్పటి అక్కే, చెంపల దగ్గర నెరిసిన జుట్టుతో సహా. గీత కింద మాత్రం పదేళ్ల పిల్ల కాళ్లు, తడిసి ఒంటికి అంటుకున్న గౌను. మా నాన్నగారికి కోపం వచ్చింది. "మిమ్మల్ని అటకెక్కించి రాత్రంతా మెలకువగా కూర్చున్నాం, అది మీకు కట్టుకథలా ఉందా?" అన్నారు. మీరేమంటారు?

గట్టుదారి:
ఆయనన్నదే నిజమండి. 1996 నవంబరు తుపానుకి మా కొబ్బరితోట నేలమట్టమైంది. ఆ చెట్లకి ఎవరైనా రెక్కలు తగిలిస్తే నేను చూడలేను. బొమ్మ ముచ్చటగా ఉంటే జనం మెచ్చుకుని వెళ్లిపోతారు. గట్టు ఎక్కడ బలహీనంగా ఉందని ఒక్కరూ అడగరు. రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీకి వెళ్లి చూడండి. మనుషుల్ని మనుషుల్లా వేసే ఆయన అంత పేరు తెచ్చుకున్నారు.

డ్రాయింగ్ మాస్టారు:
దామెర్ల గారంటే నాకూ ప్రాణం. ఆయన పోయిన 1925లోనే జర్మనీలో ఫ్రాంజ్ రో అనే విమర్శకుడు 'మ్యాజిక్ రియలిజం' అన్న పేరు పెట్టాడు. పెట్టింది కథలకి కాదు, బొమ్మలకి. వస్తువుల్ని స్పష్టంగా, నిదానంగా వేస్తూనే వాటిలోని వింతను చూపించే చిత్రకారుల గురించి రాశాడాయన. మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాలో 1944లో తన బొమ్మలో వెన్నెముక స్థానంలో పగుళ్లిచ్చిన రాతి స్తంభం వేసుకుంది, ఒళ్లంతా మేకులు. బస్సు ప్రమాదంలో నుజ్జయిన మనిషి ఆమె. ఎక్స్‌రే ఎముక ఎక్కడ విరిగిందో చెబుతుంది, ఆ నొప్పితో ఏళ్ల తరబడి బతకడం ఎలా ఉంటుందో చెప్పదు. మీ అక్కగారి సంగతీ అంతే. వరద తీసింది, ఒండ్రు ఎత్తిపోశారు, గోడకి సున్నం కొట్టారు. కానీ శ్రావణంలో ముసురు పట్టగానే ఆవిడలో ఆ పదేళ్ల పిల్లకి టెన్షన్ మొదలవుతుంది కదా? దాన్ని ఫోటో తీయగలమా?
అయితే రెక్కల విషయంలో గట్టుదారి గారితో నేను ఏకీభవిస్తాను. ఒక్క వింత చాలు. మిగతాదంతా, గిన్నెల సొట్టలతో సహా, ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

గట్టుదారి:
మీరు చెప్పాక మళ్లీ ఆలోచించాను, ఆ సగం పిల్లను ఒప్పుకుంటాను. గట్టు మాట మాత్రం వదలను, ప్రదర్శనకి పెడితే పక్కన ఊరి పేరు, ఏడాది, నీటి ఎత్తు రాయండి. ఇంతకీ నీళ్లకి ఏ రంగు వేసింది?

లంకవాసి:
నీలం అండి.

గట్టుదారి:
వరద గోదారి నీలంగా ఎప్పుడుందండీ? ఎర్రనీరు! మీ నాన్నగారి కోపం అక్కడుందేమో, అడగండి.

లంకవాసి:
అడిగాను. రంగొక్కటే కాదట, గీత కూడా తప్పట. గడప నుంచి పైకి జానలు వేసి కొలిచి చూపించారు, నీళ్లు కిటికీ దాటాయని. మేనకోడలు చాక్‌పీసుతో గుర్తు పెట్టుకుంది. అంటే బొమ్మలో అక్క గడ్డం దాకా చిన్నపిల్లే అవుతుంది. మళ్లీ వేస్తానంటోంది.