ఊడ్‌లు తమంతట తామే బానిసలయ్యారా? 2006 కథకీ 2008 కథకీ పొంతన కుదరట్లేదు

ప్రశ్న – కథలపిచ్చి

బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూలో 2006 జూన్‌లో వచ్చిన 'ది ఇంపాజిబుల్ ప్లానెట్', దాని రెండో భాగం చూస్తే, మూతి దగ్గర తొండాలుండే ఊడ్‌లు అనే గ్రహాంతరవాసులు చాకిరీ చెయ్యడానికే పుట్టారనీ, పని చెప్పేవాళ్లు లేకపోతే కుంగి చచ్చిపోతారనీ ఆ గ్రహం మీది స్టేషన్ సిబ్బంది అంటారు. 2008 ఏప్రిల్ 19న వచ్చిన 'ప్లానెట్ ఆఫ్ ది ఊడ్'లో అది అబద్ధమని తేలుతుంది. రచయితలు మాట మార్చారా? ఇంకోటి, ఇలాంటి గ్రహాంతరవాసితో ఒక షార్ట్ ఫిల్మ్ తియ్యాలి. ఆ మొహం తక్కువ ఖర్చులో అయ్యే పనేనా?

జవాబు – మూడోమెదడు

మార్చలేదు. 2006లో ఆ మాట అన్నది ఊడ్‌లను వాడుకుంటున్నవాళ్లు. కథానాయకుడు డాక్టర్ కూడా అప్పుడు ఆరా తియ్యలేదు, ఆ సంగతి 2008లో తనే ఒప్పుకుంటాడు.

అసలు కిటుకు మెదళ్ల లెక్కలో ఉంది. ఊడ్‌కి తలలో ఒక మెదడు, చేతుల్లో పట్టుకు తిరిగే చిన్న మెదడు ఒకటి. జ్ఞాపకాలు, భావోద్వేగాలు ఈ రెండోదానివే. ఊడ్‌లను అమ్ముకునే కంపెనీ దాన్ని కోసేసి, అదే చేతిలో మాట్లాడే గోళం పెడుతుంది. మూడోది జాతి మొత్తానికీ ఉమ్మడిగా ఉన్న పెద్ద మెదడు. దాని చుట్టూ స్తంభాలు పాతి, వలయంలా శక్తి కంచె కట్టి, ఊడ్‌లు మనసుతోనే పాడుకునే పాట ఒకరిది ఒకరికి అందకుండా చేశారు. పాట తెగి, జ్ఞాపకం పోయాక మిగిలేది వినయమే. కొనేవాడికి అది పుట్టుబుద్ధిలా కనబడుతుంది.

అమ్మకాల సీను మళ్లీ చూడండి. గోళంలో గొంతు మార్చి వినిపిస్తారు: మామూలు గొంతు, మగాళ్ల సరదాకి ఆడగొంతు, తర్వాత కామెడీ గొంతు. కొనడానికొచ్చినవాళ్లు నవ్వుతారు. కొరడా సీన్లకంటే ఒళ్లు జలదరించేది అక్కడే. పేరు మన చెవికి 'ఊడ్చు'లా తగలడం మాత్రం కాకతాళీయం!

జవాబు – చిన్నసవరణ

పైదానికి ఒక చేర్పు. 2008 కథలో ఊడ్‌ల తిరుగుబాటు డాక్టర్ గొప్పతనం కాదు. ఊడ్‌ల పక్షాన పదేళ్లు కంపెనీలో దొంగచాటుగా పనిచేసిన రైడర్ కంచె బలం తగ్గించాడు. యజమాని హాల్పెన్‌కి సిగ్మా అనే ఊడ్ జుట్టు మందని చెప్పి రోజూ తాగించింది అతన్ని ఊడ్‌గా మార్చే ద్రావకం. డాక్టర్ చేసిందల్లా పెద్ద మెదడుని పేల్చడానికి పెట్టిన బాంబులు ఆపి, కంచెని ఆపెయ్యడం. గోదాములో క్రేన్ పంజా తరిమే సీను ఉత్త సాగదీత. తనతో తిరిగే డోనాని, నీ బట్టలు ఎవరు కుట్టారనుకుంటున్నావని డాక్టర్ దెప్పడం, ఆమె ఎదురు తిరగ్గానే సారీ చెప్పడం, ఈ ఒక్క ముక్క స్క్రిప్టులో నేర్చుకోండి. నీతి చెప్పినవాడికి వెంటనే మొట్టికాయ పడింది.

జవాబు – రబ్బరుమొహం

సీరియల్‌కి ఈ మొహాలు చేసింది మిలీనియం ఎఫ్‌ఎక్స్. మీకు లేటెక్స్ (పూతగా వేసే ద్రవ రబ్బరు) చాలు. నటుడి తల అచ్చు మీద మట్టితో బొమ్మ చేసి, ప్లాస్టర్ మూస తీసి, బాగా ఆరాక లోపల పల్చగా ఐదారు పూతలు వెయ్యండి. ఒక పూత ఆరాకే ఇంకోటి. ఒకేసారి మందంగా పోస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉంటుంది. మూసలోంచి తీసేముందు టాల్కమ్ పౌడర్ చల్లకపోతే రబ్బరు దానికదే అతుక్కుపోతుంది. సిలికాన్‌కి వెళ్తే గంధకం ఉన్న మట్టి వాడొద్దు, ప్లాటినం రకం సిలికాన్ దాని మీద గట్టిపడదు.

మూతి దగ్గరి తొండాలు విడిగా, బోలుగా పోసి, లోపల మెత్తటి స్పాంజి పెట్టండి. బరువుకి చిరిగేది అతుకు దగ్గరే, అక్కడ చివరి రెండు పూతల మధ్య గాజ్ గుడ్డ (గాయాలకి కట్టే పల్చటి నూలు బట్ట) వెయ్యండి.

గోళానికి అరచేతిలో పట్టే తెల్ల ప్లాస్టిక్ బంతి, లోపల టిష్యూ చుట్టిన చిన్న ఎల్‌ఈడీ. టిష్యూ లేకపోతే కెమెరాలో తెల్ల మచ్చే. మూతి నుంచి గోళానికి వెళ్లే గొట్టంలో తీగ దాచి, బ్యాటరీ అంగీ జేబులో పెట్టండి. నోరు కనబడదు కాబట్టి మాట ముందే రికార్డు చేసి సెట్లో వినిపిస్తూ దీపం వెలిగించండి. తర్వాత డబ్బింగ్ చెప్తే దీపం ఆరాక కూడా మాట నడుస్తూ ఉంటుంది.