గుడ్లు పెట్టే సిచ్లిడ్ జంటను విడిగా ఉంచాలా, పక్కన వేరే చేపలు ఉండాలా?

కాకినాడ రంగుచేపలు
అందరికీ నమస్కారం. ఈ విషయంలో ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. నా దగ్గర ఒక కాన్విక్ట్ జంట ఉంది (ఒంటి మీద నల్ల చారలుండే చిన్న సిచ్లిడ్; సిచ్లిడ్‌లంటే గుడ్లనీ పిల్లల్నీ కాచుకునే చేపల కుటుంబం). నాలుగడుగుల ట్యాంకులో మిగతా చేపలతో కలిసి ఉన్నప్పుడు మట్టి కుండీలో గుడ్లు పెట్టి, రెండూ కలిసి బాగానే కాపలా కాశాయి. కాకపోతే మిగతా చేపలన్నీ ఒక మూలకి చేరి తిండి కూడా మానేశాయి. జంటను విడదీయమని షాపాయన చెబితే రెండడుగుల ట్యాంకులోకి మార్చాను. అప్పటినుంచి మగది ఆడదాన్ని తరుముతూనే ఉంది. ఆడదాని తోక చిరిగింది, ఫిల్టర్ వెనకాల నిలువుగా నక్కి ఉంటోంది. 'సర్దుకుంటాయి, ఆగు' అని కొందరు, 'మళ్లీ చేపల మధ్యకే వదిలెయ్' అని కొందరు. ఏది కరెక్టు?

రాజమండ్రి ఏంజెల్
విడిగానే ఉంచాలండీ. నేను ఏంజెల్ చేపలే పెంచుతాను, అవీ సిచ్లిడ్‌లే కాబట్టి వాటి సంగతే చెబుతాను. 27, 28 డిగ్రీల నీళ్లలో గుడ్లు రెండున్నర రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు ఈదడానికి ఇంకో నాలుగైదు రోజులు పడుతుంది. ఈ వారంలో రాత్రిపూట ఏ చేప వచ్చినా గుడ్లు మిగలవు. పైగా చుట్టూ చేపలుంటే తల్లిదండ్రులకే టెన్షన్ ఎక్కువై గుడ్లు తామే తినేస్తాయి. ట్యాంకు అడుగున ఏమీ వేయకుండా, పీవీసీ పైపు ఒకటి ఏటవాలుగా ఆనించి, మూడు వైపులా కాగితం అంటించండి. ప్రశాంతంగా ఉంటాయి.

కోరంగి మడ
రాజమండ్రి గారూ, ఏంజెల్‌కి మీరు చెప్పింది నిజమే. కాన్విక్ట్‌కి మాత్రం అది పనిచేయదు. తమ్ముడి ట్యాంకులో జరిగింది చూడండి. చుట్టూ చేపలున్నన్నాళ్లూ జంట బాగుంది, విడదీశాకే గొడవ మొదలైంది. గుడ్లు పెట్టే కాలంలో మగదానికి తరమాలన్న ఊపు లోపలే ఉంటుంది. బయట తరమడానికి ఎవరూ లేకపోతే కళ్ల ముందు ఉన్నది ఆడది ఒక్కతే.

జంతువుల ప్రవర్తన మీద చేసిన పనికి 1973లో నోబెల్ అందుకున్న కాన్రాడ్ లోరెంజ్ సిచ్లిడ్‌లలో ఈ సంగతే రాశాడు. జంటను ఒంటరిగా ఉంచితే మగది ఆడదాన్ని చంపేదాకా పోవచ్చు. అదే ట్యాంకులో అడ్డంగా అద్దం, అంటే అవతలిది కనబడే గాజు పలక పెట్టి, అవతల ఇంకో జంటను ఉంచితే కోపమంతా అద్దం మీదికి పోతుంది, ఇవతల కాపురం నిలబడుతుంది. అందులో నాకు బాగా నచ్చిన గమనింపు ఒకటుంది. మగది ఉన్నట్టుండి ఆడదాని మీద పడుతోందంటే అద్దానికి నాచు పట్టి అవతలి చేపలు కనబడటం లేదేమో చూడాలట. నాచు గీకేస్తే మళ్లీ మామూలే. నా ట్యాంకులో పెట్టిన అద్దం విషయంలోనూ ఇది నిజమే అనిపిస్తుంది, అందుకే నాచు పట్టనివ్వను.

మన దేశపు సిచ్లిడ్‌లు కూడా ఇలాంటివే. కేరళ 2010లో రాష్ట్ర చేపగా ప్రకటించిన కరిమీన్‌లో తల్లీ తండ్రీ ఇద్దరూ గుడ్లు కాస్తారు. దాని చిన్న చుట్టం నారింజ క్రోమైడ్ అయితే ఉప్పుటేరుల్లో జంటలు జంటలుగా పక్కపక్కనే గూళ్లు పెట్టుకుంటుంది. పొరుగు జంటను తరుముతూ, తన జంటను కాపాడుకుంటూ బతకడం వీటి పుట్టుకలోనే ఉంది. రెండడుగుల ఖాళీ ట్యాంకు వీటికి కొత్త.

తణుకు ఫ్లవర్‌హార్న్
అద్దమూ వద్దు, పొరుగూ వద్దు. ప్లాస్టిక్ జాలీ అడ్డం పెట్టండి, లైట్ల కింద బిగించే గళ్ల జాలీ. ఆడది ఒక వైపు, మగది ఒక వైపు. ఆడది జాలీ పక్కన పలక మీద గుడ్లు పెడుతుంది, మగది ఇవతలి నుంచే వీర్యం వదులుతుంది. ఫిల్టర్ నీళ్లు మగదాని వైపు నుంచి ఆడదాని వైపు పారేలా పెట్టుకుంటే చాలా గుడ్లు ఫలిస్తాయి. నేను పెంచే ఫ్లవర్‌హార్న్ (సంకరం చేసి పుట్టించిన పెద్ద సిచ్లిడ్) మగది ఆడదానికంటే పెద్దది, దాని పక్కన ఆడదాన్ని ఒక్క రాత్రి కూడా నమ్మి వదలలేం.

కోరంగి మడ
ఫ్లవర్‌హార్న్‌కి జాలీయే సరైంది, అందులో నాకు వాదన లేదు. కాన్విక్ట్ అందం మాత్రం గుడ్లు పెట్టాకే మొదలవుతుంది. తల్లి ఆకు తిప్పి పిల్లలకు తిండి చూపిస్తుంది, తండ్రి చుట్టూ తిరిగి కాస్తాడు. శాశ్వతంగా జాలీ పెడితే అదంతా పోతుంది. దెబ్బలు మానే వరకు జాలీ పెట్టు, అంతే.

భీమవరం సీడు
హాపాల్లో (చెరువులో కట్టే వల తొట్లు) తిలాపియా సీడు, అంటే చేప పిల్లలు తీసే పని దగ్గర నుంచి చూశాను. అక్కడ జంటల గోల ఉండదు. ఒక మగదానికి రెండు మూడు ఆడవాటిని వేస్తారు. మగవాటి తాకిడి ఒక్క దాని మీదే పడదు. చిన్న తొట్లలో మరీ చంపేస్తుంటే కొన్ని చోట్ల మగదాని పై పెదవి ఎముకే తీసేస్తారు, ఇక కొరకలేదు. తమ్ముడు కూడా ఇంకో రెండు ఆడవాటిని వేస్తే సరిపోతుంది కదండీ?

కోరంగి మడ
వద్దండీ. తిలాపియా జంట కట్టదు. మగది గుంట తవ్వుతుంది, ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని వెళ్లిపోతుంది. మలావి సరస్సులో రాళ్ల మధ్య బతికే ఎంబునా చేపలూ అంతే, వాటికి ఆడవాటిని ఎక్కువ వేసి గుంపుగా పెంచితే గొడవ పలుచబడుతుంది. కాన్విక్ట్ జంట కట్టే చేప. రెండో ఆడదాన్ని వేస్తే మగదానికంటే ముందు మొదటి ఆడదే దాన్ని చంపుతుంది. ఏ చేప పిల్లల్ని ఎలా పెంచుతుందో తెలుసుకోకుండా పక్కవాళ్ల పద్ధతి తెచ్చి పెట్టుకోవడం వల్లే మన దగ్గర ఇన్ని ఆడ చేపలు పోతున్నాయి. పెదవి కోయడం సంగతి, ఇంట్లో ఇష్టంతో పెంచుకునే చేపకి ఆ మాటే ఎత్తకండి.

రాజమండ్రి ఏంజెల్
అద్దం మీద నాకు ఒక అభ్యంతరం ఉంది. అవతలి చేప రోజంతా కనబడుతుంటే రెండూ అద్దం దగ్గరే పోట్లాడుతూ ఉంటాయి. గుడ్లకి రెక్కలతో నీళ్లు విసిరేది ఎవరు? నీళ్లు ఆడకపోతే గుడ్లకి బూజు పడుతుంది. గొడవ తగ్గింది కదా అని సంతోషించేలోపు గుడ్లన్నీ తెల్లబడతాయి.

కోరంగి మడ
ఇది ఆలోచించాల్సిన మాటే. కాన్విక్ట్‌లో విసిరే పని ఎక్కువగా ఆడదే చేస్తుంది, సరిహద్దు మగదాని వాటా. కాబట్టి కుండీ మూతి అద్దం వైపు తిరగకుండా పెట్టాలి. గుడ్ల దగ్గరున్న ఆడదానికి అద్దం కనబడకూడదు. అప్పటికీ ఆడది అద్దం దగ్గరికే పోతుంటే సగానికి కాగితం అంటించవచ్చు. పూర్తిగా మూయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

అమలాపురం బోరు
నీళ్ల గురించి ఎవరూ అడగలేదేంటండీ? కాలువలు కట్టేశాక సముద్రం దగ్గర ఊళ్లలో బోరు నీళ్లే గతి. అవి ఖనిజాలు ఎక్కువై కఠినంగా, కొన్ని చోట్ల ఉప్పగా ఉంటాయి. కాన్విక్ట్ తట్టుకుంటుంది, అది సమస్య కాదు. వేడి ఉంది చూడండి, అది అసలు సమస్య. మే నెలలో గదిలో పెట్టిన ట్యాంకే 32 దాటుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 32 దగ్గర అది 7.3కి పడిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో అన్ని పనులూ వేగం అందుకుంటాయి, మగది ఇంకా రెచ్చిపోతుంది. దెబ్బలు తిని మూలన నక్కిన ఆడదానికి ఆ మూలకి గాలి కూడా సరిగా అందదు. కరెంటు పోతే మరీను.

ఇంకోటి. ఒకేసారి సగం నీళ్లు తీసి చల్లటి నీళ్లు పోయకండి. అది వాన పడినట్టే, మగది వెంటనే గుడ్లకి సిద్ధమవుతుంది. ఆడది ఇంకా కోలుకోలేదు. మళ్లీ తరుము మొదలు. రోజూ కొంచెం కొంచెం మార్చడం మేలు.

కాకినాడ రంగుచేపలు
అన్నలూ, చాలా థాంక్స్. మరి ఇప్పుడు నేను ముందు ఏం చేయాలి? ఆడది తిండి తినడం లేదు.

కోరంగి మడ
ఇవాళే ఆడదాన్ని వేరు చెయ్, రేపటి దాకా ఆగొద్దు. 'సర్దుకుంటాయి' అనే మాట ఇద్దరూ ఎదురెదురుగా మూతులు పట్టుకుని లాక్కుంటున్నప్పుడు చెప్పేది. అప్పుడు అవి ఒకదాని బలం ఒకటి చూసుకుంటాయి, ఆడది కూడా ఎదురు నిలబడుతుంది. నీ ఆడది నిలువుగా నక్కింది, తోక చిరిగింది, తిండి మానేసింది. అంటే ఓడిపోయింది, పారిపోయే చోటు లేదు. రెక్కలు మళ్లీ చిగురించి, నువ్వు ట్యాంకు దగ్గరికి వస్తే తిండికి ఎదురొచ్చే వరకు మగదాని దగ్గరికి పంపకు.

ఆ తర్వాత రెండడుగుల ట్యాంకు వదిలెయ్. నాలుగడుగుల దాంట్లోనే అద్దం అడ్డం పెట్టి, మూడింట రెండు వంతులు జంటకి, ఒక వంతు మిగతా చేపలకి ఇవ్వు. జంట వైపు ఆడది మాత్రమే దూరగలిగే సన్న పైపులు రెండు వేర్వేరు మూలల్లో పెట్టు. ఆడదాన్ని ముందు వదిలి, అది చోటు చూసుకున్నాక మగదాన్ని వదులు. అద్దం అవతల మగదాని సైజు చేప కనీసం ఒకటి ఉండాలి. మరీ పెద్దదైతే మగదే భయపడుతుంది.

భీమవరం సీడు
పైన తిరగడానికి కాలువ పరిగెలు నాలుగు వేసుకోవచ్చా, అద్దం బదులు?

కోరంగి మడ
పరిగెలు జంటకి ధైర్యం ఇస్తాయి, పైన మామూలుగా తిరుగుతుంటే ప్రమాదం లేదని తెలుస్తుంది. కానీ మగది ఢీకొట్టడానికి అవి చాలవు. పైగా కాలువ చేపతో పురుగులూ జబ్బులూ వస్తాయి, కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచకుండా వేయకండి. అద్దం అద్దమే.

అమలాపురం బోరు
తమ్ముడూ, అద్దం పెట్టేటప్పుడు కింద, పక్కలా సందు లేకుండా సిలికాన్ వెయ్. పిల్లలు ఈదడం మొదలెట్టాక ఆ సందులోంచే అవతలికి పోతాయి, అక్కడున్నవి ఒక్కదాన్ని మిగల్చవు. అద్దానికి రెండు వైపులా ఏరేటర్ రాయి విడివిడిగా ఉండాలి. ఆర్టీమియా (పిల్లలకి వేసే సన్నటి ఉప్పునీటి రొయ్య పిల్లలు) ఇప్పుడే తెచ్చి పెట్టుకో, ఈదిన రోజునుంచే పిల్లలకి తిండి కావాలి.